సూది చూస్తే కళ్ళు తిరిగి పడిపోవడం పిరికితనమా, ఫోబియానా? చికిత్సతో తగ్గుతుందా?

కరకట్ట (విజయవాడ)

అందరికీ నమస్కారం. నా వయసు 41 సంవత్సరాలు, బ్యాంకులో ఉద్యోగం. నాలుగేళ్ళ క్రితం మా శాఖలో పెట్టిన వైద్య శిబిరంలో వేలి చివర గుచ్చి చూసి నాకు చక్కెర వ్యాధి ఉందన్నారు. ఆ వేలిపోటుకే నేను కుర్చీలోంచి జారిపోయాను. డాక్టరు గారు రాసిన మాత్రలు అప్పటి నుంచి క్రమం తప్పకుండా వేసుకుంటున్నాను గానీ, రక్తపరీక్ష మాత్రం ఇంతవరకు చేయించుకోలేకపోయాను. మూడేళ్ళ క్రితం ఒక్కసారి ప్రయత్నించాను.

ఆ రోజు సంగతి చెబుతాను. పరగడుపున ల్యాబుకు వెళ్ళి టోకెను తీసుకుని కూర్చున్నాను. లోపలి గదిలో ఎవరికో రక్తం తీస్తున్నారు. పరదా సందులోంచి ఆ చేతికి కట్టిన రబ్బరు పట్టీ మాత్రమే కనిపించింది. స్పిరిట్ వాసన ముక్కుకు తగిలింది. గుండె దడదడలాడింది, కానీ అది కాసేపే. ఆ తరువాత అరచేతులు చల్లబడ్డాయి, పక్కవాళ్ళ మాటలు బావి అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించాయి, ఎదుటి గోడ మీది గడియారం తెల్లగా వెలిసిపోయింది. కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. ఒకావిడ చీర కొంగుతో విసురుతోంది, ఒక పెద్దాయన "పొద్దున్న ఏమీ తినలేదా బాబూ" అని అడుగుతున్నారు. అప్పటికి నాకు సూది పెట్టనే లేదు.

ఇప్పుడు డాక్టరు గారు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) నివేదిక తేకపోతే మందులు రాయనని ఖరాఖండిగా చెప్పేశారు. అందులో ఆయన తప్పేమీ లేదు. మూడు నెలలుగా ప్రతి ఆదివారం రాత్రి "రేపు వెళ్తాను" అనుకోవడం, సోమవారం ఉదయం ఏదో ఒక సాకు దొరకడం, దొరకగానే ప్రాణం లేచిరావడం జరుగుతూనే ఉంది. ఆఫీసులో ఈ విషయం తెలిసినవాళ్ళు నవ్వుతారు. మా నాన్నగారికి కూడా ఇలాగే ఉండేది. మా అమ్మాయికి చెవులు కుట్టించిన రోజు, పాప ఏడవకముందే ఆయన అరుగు మీద ఒరిగిపోయారు. ఇది వంశంలో వచ్చే జబ్బా, లేక నా పిరికితనమా? దీనికి థెరపీ ఉందంటున్నారు. అందులో ఏం చేస్తారో అనుభవం ఉన్నవారు వివరించగలరు.

పాత పెంకుటిల్లు (తెనాలి)

నాయనా, నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, వయసు 68. నా ఉద్దేశంలో ఇది మనసు చేసే మాయ తప్ప మరేమీ కాదు. మా రోజుల్లో ఫోబియా అనే మాటే లేదు. మసకచీకట్లో తాడును చూసి పామనుకున్నవాడికి దీపం పట్టి చూపిస్తే సరిపోతుంది. పరీక్షకు వెళ్ళేటప్పుడు ఆంజనేయ దండకం చదువుకోండి, కళ్ళు గట్టిగా మూసుకోండి, మెల్లగా దీర్ఘంగా ఊపిరి తీస్తూ ఒళ్ళంతా వదులుగా ఉంచుకోండి. గంటకు వెయ్యి రూపాయలిచ్చి ఎవరితోనో మాట్లాడవలసినంత విషయం ఇందులో నాకు కనిపించడం లేదు.

నిమ్మళం (క్లినికల్ సైకాలజిస్టు, హైదరాబాద్)

కరకట్ట గారూ, వేదిక మీద రోగనిర్ధారణ చేయడం సరికాదు కాబట్టి, మీరు వర్ణించిన తీరు దేనికి దగ్గరగా ఉందో మాత్రమే చెబుతాను. రక్తం, సూది, గాయం చూసినప్పుడు లేదా తలుచుకున్నప్పుడు కలిగే భయాన్ని మా శాస్త్రంలో ఒక ప్రత్యేక వర్గంగా లెక్కిస్తారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన వర్గీకరణ ప్రకారం నిర్దిష్ట ఫోబియాలలో జంతువులు, ఎత్తులు లేదా ఉరుముల వంటి ప్రకృతి విషయాలు, రక్తం-సూది-గాయం, లిఫ్టు లేదా విమానం వంటి సందర్భాలు, ఇవేవీ కాని ఇతరాలు అనే వర్గాలున్నాయి. అసలు ప్రమాదానికి పొంతన లేనంత భయం సాధారణంగా ఆరు నెలలకు పైగా కొనసాగుతూ, మనిషి దాన్ని తప్పించుకోవడం కోసం తన ఉద్యోగాన్నో ఆరోగ్యాన్నో పణంగా పెట్టే స్థితికి వచ్చినప్పుడే దాన్ని ఫోబియా అంటాం. బొద్దింకను చూసి కెవ్వుమనే వారందరికీ ఫోబియా ఉన్నట్టు కాదు. బొద్దింక ఉంటుందేమోనని నెలల తరబడి వంటింట్లోకి వెళ్ళడం మానేస్తే అప్పుడు ఆలోచించాలి.

మిగతా ఫోబియాలకు, మీ భయానికి మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. కుక్కంటే భయపడే మనిషికి కుక్క ఎదురైతే గుండె వేగం, రక్తపోటు పెరిగి అలాగే ఉంటాయి. అందుకే ఎంత భయపడినా అతను స్పృహ తప్పి పడిపోవడం చాలా అరుదు. రక్తం, సూది విషయంలో శరీరం రెండు దశల్లో స్పందిస్తుంది. మొదట గుండె వేగం, రక్తపోటు కొద్దిగా పెరుగుతాయి, ఆ వెంటనే రెండూ ఒక్కసారిగా పడిపోతాయి. మెదడుకు చేరే రక్తం తగ్గడంతో మనిషి కూలిపోతాడు. మీ గుండె దడ "కాసేపే" ఉండి తరువాత చేతులు చల్లబడ్డాయని మీరు రాసిన వాక్యంలో ఆ రెండు దశలూ ఉన్నాయి. ఈ లక్షణం ఇతర ఫోబియాల కంటే ఎక్కువగా కుటుంబాల్లో కనిపిస్తుంది కాబట్టి, మీ నాన్నగారి విషయం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. మన అదుపులో లేని నాడుల పని ఇది. పిరికితనం అనే మాటకు ఇక్కడ చోటు లేదు.

పెంకుటిల్లు గారి సలహాలో దండకం గురించి నాకు అభ్యంతరం లేదు. ధైర్యం ఎక్కడి నుంచి వచ్చినా మంచిదే. ఒళ్ళు వదులు చేసుకోమనడం దగ్గరే చిక్కు. పడిపోతున్న రక్తపోటుకు తోడు కండరాలను కూడా సడలిస్తే అది ఇంకా పడిపోవడానికే వీలవుతుంది. స్వీడన్‌కు చెందిన లార్స్-గోరన్ ఓస్ట్ బృందం 1980లలో సరిగ్గా దీనికి వ్యతిరేకమైన పద్ధతిని రూపొందించి పరీక్షించింది. దాని పేరు అప్లైడ్ టెన్షన్. చేతులు, ఛాతీ, కాళ్ళ కండరాలను పది పదిహేను సెకన్ల పాటు, ముఖం వెచ్చబడినట్టు అనిపించేవరకు బిగించాలి. తరువాత పూర్తిగా వాలిపోకుండా మామూలు స్థితికి మాత్రమే వచ్చి ఇరవై ముప్పై సెకన్లు ఆగాలి. ఇలా ఐదు సార్లు, రోజుకు ఐదు విడతలు సాధన చేయాలి. ఆ తరువాతే, తనకు కళ్ళు తిరగబోయే మొదటి సూచనను మనిషి గుర్తుపట్టి అదే క్షణంలో బిగించడం నేర్చుకుంటాడు. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు, గుండె జబ్బులున్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. స్పృహ తప్పడానికి వేరే కారణాలు కూడా ఉండవచ్చు కాబట్టి, మీరు కూడా ముందుగా మీ డాక్టరు గారికి ఈ సంగతంతా చెప్పండి.

ల్యాబ్ కోటు (రాజమహేంద్రవరం)

పన్నెండేళ్ళుగా రక్తం తీసే పనిలో ఉన్నాను. కరకట్ట గారి వంటివారు మాకు వారానికి ఇద్దరు ముగ్గురైనా తగులుతారు. వారిలో ఎక్కువమంది మీసం మెలేసే మగవాళ్ళే, అందుకే ఎవరూ ముందుగా చెప్పరు. చెప్పకపోవడంతోనే మాకు ఇబ్బంది. కుర్చీలో కూర్చున్న మనిషి సూది సిరలో ఉండగా పక్కకు ఒరిగితే, ఒక చేత్తో సూది తీసి, ఇంకో చేత్తో అతని తల నేలకు కొట్టుకోకుండా పట్టుకోవాలి. "నాకు కళ్ళు తిరిగే అలవాటుంది" అని కౌంటరు దగ్గరే ఒక్క మాట చెప్పేస్తే మేము బల్ల మీద పడుకోబెట్టి తీస్తాం. పడుకున్న మనిషికి మెదడుకు రక్తం అందుతూనే ఉంటుంది కాబట్టి, కళ్ళు తిరిగినా పడి దెబ్బ తగిలే భయం ఉండదు.

మరి కొన్ని సంగతులు. మీకు కావలసిన హెచ్‌బీఏ1సీ పరీక్షకు పరగడుపున రావలసిన అవసరం లేదు; ఫాస్టింగ్ షుగర్ కూడా చూడమంటేనే ఆ నియమం. హెచ్‌బీఏ1సీ రక్తం ఊదా రంగు మూత ఉన్న ట్యూబులోకి, షుగర్ రక్తం బూడిద రంగు మూత ట్యూబులోకి వెళ్తుంది. రెండూ కలిపినా ఒక చెంచాకు మించదు. రెక్కలున్న సన్నని సూదిని మేము బటర్‌ఫ్లై అంటాం, అడిగితే దానితో తీస్తారు. నొప్పి భయమే ముఖ్యమైతే చర్మాన్ని మొద్దుబార్చే క్రీము ఉంది, డాక్టరును అడిగి సుమారు గంట ముందు రాసుకోవాలి. నేను చూసినంతలో మీ వంటివారికి నొప్పి పెద్ద లెక్కలోకి రాదు. పట్టీ కట్టగానే సిర ఉబ్బడం చూస్తేనే వాళ్ళ ముఖం పాలిపోతుంది.

మూడో వీధి (హన్మకొండ)

నాది కుక్కల భయం. చికిత్స తీసుకున్నవాణ్ణి కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్పగలను. పదకొండేళ్ళ పాటు నేను బస్టాపుకు దగ్గరి దారి వదిలేసి, చుట్టూ తిరిగి, ఎండాకాలంలో కూడా చేతిలో గొడుగుతో వెళ్ళాను. గొడుగు ఎందుకని అడిగితే ఎండ అనేవాణ్ణి, రాత్రి ఎనిమిది గంటలకు కూడా.

మొదటి రెండు సమావేశాలు మాటలతోనే గడిచాయి. ఆ తరువాత మా సైకాలజిస్టు గారు ఒక కాగితం మీద నిచ్చెన గీయించారు. ఒక్కో మెట్టు మీద భయం కలిగించే ఒక్కో సందర్భం రాసి, పక్కన సున్నా నుంచి వంద దాకా అంకె వేయాలి. కుక్క బొమ్మకు 15, శబ్దం లేని వీడియోకు 30, కిటికీ అద్దం అవతల కట్టేసిన కుక్కకు 50, ఆవరణలో గొలుసుతో పట్టుకున్న కుక్కకు 80 వేశాను. ప్రతి మెట్టు మీదా అంకె బాగా తగ్గేవరకు, లేదా నేను ఊహించిన ఘోరం జరగలేదని నాకే తెలిసేవరకు నిలబడాలి. ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాలో నిర్ణయం నాదే. నన్ను ఒక్కసారి కూడా తొయ్యలేదు. తొమ్మిదో వారంలో ఒక ముసలి ల్యాబ్రడార్ వీపు మీద చెయ్యి వేశాను. దాని బొచ్చు గరుకుగా ఉంటుందనుకున్నాను. చెవి వెనుక మాత్రం మా పాప బుగ్గలా మెత్తగా, వెచ్చగా ఉంది. నా చొక్కా అప్పటికి తడిసి ముద్దయింది, అంకె 60 దగ్గర ఉంది, అయినా చెయ్యి తీయలేదు.

అన్నిటికంటే కష్టమైన మెట్టు గొడుగు వదలడం. గొడుగు ఉన్నంతకాలం "గొడుగు వల్లే బతికాను" అని మనసు లెక్క రాసుకుంటుందట, కుక్క ఏమీ చేయలేదన్న సంగతి అందులో జమ కాదట.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది, నాకూ వచ్చింది. మన వీధికుక్కలు నిజంగానే కరుస్తాయి కదా! 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో ఒక పసివాణ్ణి కుక్కల గుంపు పొట్టనబెట్టుకున్న సంగతి అందరికీ గుర్తుంది. మా సైకాలజిస్టు గారు ఆ ప్రమాదం లేదని ఎప్పుడూ అనలేదు. కుక్కలను ప్రేమించడం నేర్పడం తన పని కాదని, పడుకున్న కుక్కకు, గుర్రుమనే గుంపుకు మధ్య తేడా గుర్తుపట్టి బస్టాపుకు వెళ్ళగలగడమే మన లక్ష్యమని అన్నారు. పరుగెత్తకూడదని, కళ్ళలోకి గుచ్చి చూడకూడదని, కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి అదే రోజు టీకా వేయించుకోవాలని చెప్పారు. ఇప్పటికీ గుంపు కనిపిస్తే పక్క వీధికి మళ్ళుతాను. అది భయం కాదు, బుద్ధి.

పాత పెంకుటిల్లు (తెనాలి)

మీరందరూ అనుభవంతో రాస్తున్నారు కాబట్టి కాదనను. ఒక్క ప్రశ్న. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా మేనమామ నన్ను దిగుడుబావిలోకి తోసేశాడు. ఆ రోజుతో నీళ్ళ భయం పోయింది, ఈత వచ్చింది. నిచ్చెనలు, అంకెలు, తొమ్మిది వారాలు ఎందుకు? కుక్కల మధ్య ఒక గంట నిలబెడితే సరిపోదా?

నిమ్మళం (క్లినికల్ సైకాలజిస్టు, హైదరాబాద్)

మంచి ప్రశ్న అడిగారు. అలా బావిలోకి తోయించుకున్నవారిలో ఈత నేర్చుకున్నవారు తమ కథ చెప్పుకుంటారు; ఆ తరువాత జన్మలో బావి గట్టు ఎక్కనివారు చెప్పుకోరు. నా దగ్గరికి వచ్చేది ఆ రెండో రకం వారు. భయపెట్టే దానికి ఒక్కసారిగా ఎదురుగా నిలబెట్టే పద్ధతి కూడా మా శాస్త్రంలో ఉంది, దాన్ని ఫ్లడింగ్ అంటారు, కొందరిలో పనిచేస్తుంది కూడా. కానీ అది మనిషి ఒప్పుకుని, ఏం జరగబోతోందో తెలిసి, భయం తగ్గేదాకా అక్కడే ఉండగలిగితేనే. మధ్యలో పారిపోతే, పారిపోయినప్పుడు కలిగిన ఊరట భయాన్ని ఇంకా బలపరుస్తుంది. కరకట్ట గారు సోమవారం సాకు దొరకగానే ప్రాణం లేచివస్తుందని రాశారు చూడండి, ఆ ఊరటే ఆ భయానికి మేత. ప్రతి వాయిదా దానికి ఒక పూట భోజనం.

చరిత్ర చెప్పాలంటే, 1920లో అమెరికాలో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ కలిసి ఆల్బర్ట్ అనే పేరుతో రాసిన ఒక పసివాడికి తెల్ల ఎలుకను చూపించినప్పుడల్లా వెనుక నుంచి ఇనుప కడ్డీని సుత్తితో మోగించి, ఎలుకంటే భయం పుట్టించారు. ఈ రోజున ఏ నీతి సంఘమూ ఒప్పుకోని పని అది. ఆ భయాన్ని పోగొట్టకుండానే వారి ప్రయోగం ముగిసింది. నాలుగేళ్ళ తరువాత, 1924లో, మేరీ కవర్ జోన్స్ అనే యువ పరిశోధకురాలు పీటర్ అనే దాదాపు మూడేళ్ళ బాలుడి కుందేలు భయాన్ని తగ్గించిన తీరును ప్రచురించారు. పిల్లవాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును గదిలో దూరంగా ఉంచి, రోజుల తరబడి కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చారు. చివరికి ఆ పిల్లవాడు కుందేలును నిమిరాడు. భయం పుట్టించిన ప్రయోగం ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది, పోగొట్టిన ఆవిడ పేరు మాత్రం చాలామందికి తెలియదు. ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. 1958లో దక్షిణాఫ్రికాకు చెందిన జోసెఫ్ వోల్పే ఈ మెట్ల పద్ధతిని ఒక క్రమమైన చికిత్సగా తీర్చి పుస్తకం రాశారు. మూడో వీధి గారు చెప్పిన సున్నా నుంచి వంద అంకెలు కూడా ఆయన ఇచ్చినవే.

అన్నట్టు, తొమ్మిది వారాలు తప్పనిసరి కాదు. ఓస్ట్ 1989లో ప్రచురించిన పద్ధతిలో సాలీడు, పాము వంటి ఒకే భయానికి మూడు గంటల లోపు, ఒకే సమావేశంలో చికిత్స ముగిస్తారు. అందులో కూడా మెట్లుంటాయి; అన్నీ ఒకే రోజున ఎక్కుతారు.

ఉప్పాడ అంచు (కాకినాడ)

మా బాబుకు ఏడేళ్ళు. టీకా అంటే ఆసుపత్రి మెట్ల దగ్గరే స్తంభాన్ని వాటేసుకుని అరుస్తాడు. నిజం చెప్పాలంటే మా ఇంట్లో అన్నం తినకపోతే "డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూది వేయిస్తా" అని వాళ్ళ నానమ్మ బెదిరించేది, నేను కూడా రెండు మూడు సార్లు అన్నాను. ఆ భయం మేము నేర్పిందేనా? ఇప్పుడు ఏం చేయాలి?

నిమ్మళం (క్లినికల్ సైకాలజిస్టు, హైదరాబాద్)

మీరొక్కరే అన్న మాట కాదమ్మా అది, తెలుగునాట ఇంటింటి మాట. పిల్లలు స్వయంగా దెబ్బ తిననక్కరలేదు. పెద్దల మాట నుంచి, ముఖం నుంచి కూడా భయం నేర్చుకుంటారు. 1980లలో సుసాన్ మినెకా బృందం ప్రయోగశాలలో పెరిగిన, పామంటే తెలియని కోతులకు, పామును చూసి బెదిరే పెద్ద కోతులను చూపించింది. అవి కూడా చూసి చూసి భయపడటం నేర్చుకున్నాయి.

బెదిరింపు మానేయడం మొదటి పని. రెండోది, "అసలు నొప్పే ఉండదు" అని చెప్పకండి. ఒకసారి అబద్ధమని తేలితే మీ తరువాతి మాటలకు విలువ పోతుంది. చీమ కుట్టినంతసేపు నొప్పి ఉంటుందని, నువ్వు ఐదు అంకెలు లెక్కపెట్టేలోగా అయిపోతుందని చెప్పండి. ఇంట్లో బొమ్మకు టీకా వేసే ఆట ఆడించండి, సూది లేని సిరంజితో. నలుగురు పట్టుకుని బలవంతంగా వేయించడం ఆ రోజుకు పని జరిపిస్తుంది గానీ, వచ్చే ఏడాదికి మీ పని రెట్టింపు చేస్తుంది.

రెండు గడియారాలు (డల్లాస్)

నాకు విమాన ప్రయాణమంటే భయం. ఆరేళ్ళుగా ఇండియాకు వచ్చేటప్పుడు డాక్టరు రాసిన అల్‌ప్రజోలామ్ మాత్ర వేసుకుని కూర్చుంటున్నాను. ప్రయాణం గడిచిపోతోంది గానీ భయం ఇసుమంత కూడా తగ్గలేదు, పైగా మాత్ర జేబులో లేకపోతే విమానాశ్రయానికి కూడా వెళ్ళలేను. మందులతో ఫోబియా నయం కాదా? ఇక్కడ ఒక క్లినిక్ వారు కళ్ళకు పరికరం తగిలించి వర్చువల్ రియాలిటీలో విమానం ఎక్కిస్తామంటున్నారు, నమ్మవచ్చా?

నిమ్మళం (క్లినికల్ సైకాలజిస్టు, హైదరాబాద్)

మీ మాత్ర, మూడో వీధి గారి గొడుగు ఒకే జాతివి. అల్‌ప్రజోలామ్ వంటి మందులు ఆ పూటకు ఆందోళన తగ్గిస్తాయి, కానీ "నేను ఈ విమానంలో కూర్చోగలిగాను" అనే పాఠం మనసుకు ఎక్కకుండా అడ్డుపడగలవు, అలవాటుగా మారే ప్రమాదమూ ఉంది. అలాగని మీరే హఠాత్తుగా మానేయకండి; ఎప్పుడు, ఎలా తగ్గించాలో రాసిన డాక్టరుతోనే మాట్లాడాలి. ఒకే నిర్దిష్ట విషయానికి సంబంధించిన ఫోబియాకు మొదటి చికిత్స ఎక్స్‌పోజరే, అంటే భయపెట్టేదాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కోవడమే. దానితో పాటు తీవ్రమైన కుంగుబాటు, తరచూ హఠాత్తుగా ముంచుకొచ్చే తీవ్ర భయం (పానిక్) వంటివి ఉంటే సైకియాట్రిస్టు మందుల అవసరం వేరుగా చూస్తారు.

వర్చువల్ రియాలిటీ గారడీ కాదు. ఎత్తుల భయానికి దాన్ని వాడిన అధ్యయనం అమెరికాలో 1995లోనే వెలువడింది, విమాన భయానికి కూడా తరువాత బాగా పరీక్షించారు. చికిత్స కోసం రోజూ విమానం ఎక్కలేం కాబట్టి అది మీకు ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. పరికరం వెనుక శిక్షణ పొందిన మనిషి ఉన్నారో లేదో మాత్రం చూసుకోండి.

కరకట్ట (విజయవాడ)

మూడు రోజులుగా ప్రతి సమాధానమూ రెండేసి సార్లు చదివాను. "రెండు దశలు" అన్న పేరా మా నాన్నగారికి కూడా చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడకుండా, తరువాత తన పెళ్ళికి ముందు జరిగిన మరో సంఘటన చెప్పారు. అది ఇక్కడ రాయను. చికిత్సకు ఎవరి దగ్గరికి వెళ్ళాలి, మంచివారో కాదో ఎలా తెలుసుకోవాలి?

మూడో వీధి (హన్మకొండ)

నేను చేసిన పని చెబుతాను. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక 14416కు ఫోన్ చేశాను. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ; రోజంతా ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, దగ్గరలోని సేవలు చెబుతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి, పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. ఎర్రగడ్డ పేరు మన సినిమాల్లో వెక్కిరింతగా మారడం వల్ల ఎందరు ఆ గడప తొక్కకుండా ఆగిపోయారో! ప్రైవేటుగా అయితే క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు సంఖ్య ఉందో లేదో అడగండి. అడిగితే కోపం తెచ్చుకునేవారి దగ్గరికి వెళ్ళకండి. నేను మొదట వెళ్ళిన ఒకాయన నన్ను నిద్రపుచ్చి ఒక్క పూటలో భయం తీసేస్తానని మొత్తం డబ్బు ముందే కట్టించుకున్నారు. నేను నిద్రపోలేదు, భయం పోలేదు, డబ్బు పోయింది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు మానసిక రుగ్మతలను కూడా శారీరక జబ్బులతో సమానంగా చూడాలి. అయితే ఆసుపత్రిలో చేరితేనే చెల్లించే పాలసీ అయితే థెరపీ రుసుము మన జేబు నుంచే కట్టుకోవాలి. ఆ సంగతి ముందే చూసుకోండి.

నిమ్మళం (క్లినికల్ సైకాలజిస్టు, హైదరాబాద్)

ఒక్క మాట కలుపుతాను. మొదటి ఫోన్‌లోనే "రక్తం, సూది భయానికి మీరు ఎలా చికిత్స చేస్తారు" అని అడగండి. మెట్ల గురించి, కండరాలు బిగించడం గురించి చెప్పేవారైతే వెళ్ళండి. కేవలం రిలాక్సేషన్, అంటే ఒళ్ళు వదులు చేసుకోవడం నేర్పుతామంటే ఇంకొకరిని వెతకండి.

కరకట్ట (విజయవాడ), ఏడు వారాల తరువాత

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. మా ఊళ్ళోనే ఒక సైకాలజిస్టు గారి దగ్గర ఐదు సమావేశాలు పూర్తయ్యాయి. మొదటి రోజు ఆవిడ నా చేతికి రక్తపోటు యంత్రం పట్టీ చుట్టి, కండరాలు బిగించకముందు, బిగించిన తరువాత అంకెలు చూపించారు. పై అంకె నా కళ్ళ ముందే 116 నుంచి 131కి పెరిగింది. నాకు ధైర్యం చెప్పిన వందమంది చేయలేని పని ఆ రెండు అంకెలు చేశాయి. రోజుకు ఐదు విడతల సాధనలో రెండు బ్యాంకు కౌంటరు వెనుకే చేశాను. ముఖం ఎర్రబడటం చూసి ఒక ఖాతాదారుడు "నా మీద కోపమొచ్చిందా సార్" అని అడిగాడు.

నా నిచ్చెన మొదటి మెట్టు "సిర" అనే మాటను పైకి పలకడం. నవ్వుకోకండి, దానికి 20 వేశాను. తరువాత స్పిరిట్ అద్దిన దూదిని ఇంట్లో వాసన చూడటం, పట్టీని నా చేతికి నేనే కట్టుకోవడం, ఫొటోలు, వీడియో, సూది లేని సిరంజి పట్టుకోవడం, ల్యాబులో ఊరికే కూర్చుని రావడం. పట్టీ దగ్గర పది రోజులు ఆగిపోయాను. వీడియో చూస్తూ ఒకసారి కళ్ళు తిరిగాయి కూడా.

పోయిన గురువారం పరీక్ష జరిగింది. కౌంటరులో ముందే చెప్పాను, బల్ల మీద పడుకోబెట్టారు. ఎడమ చేతిని వదులుగా వదిలి, కుడి చేయి, కాళ్ళు బిగించాను. సూది దిగడం చూడలేదు, కానీ ట్యూబు నిండుతుండగా ఒక్కసారి తల తిప్పి చూశాను. ఊదా రంగు మూత. రక్తం నేను అనుకున్నదానికంటే నల్లగా ఉంది. అంకె 90 నుంచి మొదలై 55 దగ్గర ఆగింది. ఇక అయిపోయిందనుకుని లేచి డబ్బు కట్టే కిటికీ దాకా నడిచేసరికి మళ్ళీ చేతులు చల్లబడ్డాయి; గోడకు ఆనుకుని మూడు సార్లు బిగించాను, గడియారం ఈసారి వెలిసిపోలేదు.

నివేదికలో 9.4 వచ్చింది. ఏడు లోపు ఉండవలసింది. డాక్టరు గారు మందు మార్చారు, కళ్ళ పరీక్ష, మూత్ర పరీక్ష రాశారు, ఇన్నేళ్ళ ఆలస్యం గురించి ఏమీ అనలేదు. మూడు నెలల తరువాత మళ్ళీ రక్తం ఇవ్వాలి.

ల్యాబ్ కోటు (రాజమహేంద్రవరం)

రక్తం ఇచ్చిన వెంటనే లేవడమే మీరు చేసిన పొరపాటు. మావాళ్ళు కూడా తొందరలో లేపేస్తుంటారు. ఈసారి పది నిమిషాలు పడుకుని, రెండు నిమిషాలు కూర్చుని, మంచినీళ్ళు తాగి అప్పుడు నిలబడండి. డబ్బు ముందే కట్టేయండి.

నిమ్మళం (క్లినికల్ సైకాలజిస్టు, హైదరాబాద్)

చాలా సంతోషం. కానీ మూడు నెలలు ఆగకండి. మధ్యలో ఎక్స్‌పోజర్ లేకపోతే తగ్గిన భయం తిరిగి తలెత్తడం మామూలే, అది ఓటమి కాదు గానీ ఎందుకు కొని తెచ్చుకోవడం? వారానికోసారైనా ల్యాబుకు వెళ్ళి కూర్చోండి, వీలైతే వేరే ల్యాబులో కూడా. ఒకే గదిలో నేర్చుకున్న ధైర్యం ఇంకో గదిలో పలకకపోవచ్చు. సూది దిగడం చూసే మెట్టు ఇంకా మిగిలి ఉంది కాబట్టి, చివరి సమావేశం వాయిదా వేయవద్దు.

కరకట్ట (విజయవాడ)

శనివారం ఉదయం ఇంకో ల్యాబుకు వెళ్తున్నాను. ఈసారి బల్ల మీద పడుకునేది నేను కాదు, మా నాన్నగారు. ఆయనకు 72 ఏళ్ళు. రక్తపోటు ఉంది కాబట్టి బిగింపు సంగతి డాక్టరు గారిని అడిగాం, ఆయనకు వద్దన్నారు, పడుకుని ఇస్తే చాలన్నారు. నన్ను పక్కన నిలబడి సూది దిగేటప్పుడు చూడమని మా సైకాలజిస్టు గారు చెప్పారు. దానికి ప్రస్తుతం 75 వేశాను.

పాత పెంకుటిల్లు (తెనాలి)

కుర్చీ ఒకటి దగ్గర పెట్టుకో నాయనా.